నిశ్శబ్ద మండలంలో తలుపు పాట

నిశ్శబ్దం ప్రభుత్వ ఆస్తి అని తెలియక ముందు మా ఊరు కూడా అన్ని ఊళ్ళలాంటిదే. బస్సులు అవసరం ఉన్నా లేకపోయినా హారను కొట్టేవి. చేపల బజారులో ఆడవాళ్ళు అరుచుకుని, తిట్టుకుని, ఆ మధ్యలో చేపలు కూడా అమ్మేవాళ్ళు. పెళ్ళికీ చావుకీ మా సీయోను బ్రాస్ బ్యాండు వాయించేది. బ్యాండంటే పెద్దగా ఊహించుకోవద్దు. రంగు వెలిసిన ఎర్ర కోట్లు, సొట్టలు పడ్డ బాకాలు, నా మెడలో వేలాడే పెద్ద డ్రమ్ము, మా ఏసోబు మామ క్లారినెట్టు. మా షెడ్డు వెంకటవిలాస్ టాకీసు పక్క సందులో ఉంటుంది. టాకీసు ఎప్పుడో మూతపడింది. దాన్ని పడగొట్టి కల్యాణ మండపం కడతారని విని మేము చాలా సంతోషించాం. కల్యాణ మండపం పక్కన షెడ్డు ఉన్న బ్యాండు వాడికి ఇంకేం కావాలి. కానీ పడగొట్టడానికి వచ్చిన కూలీలకు హాలు అటక మీద తుప్పు పట్టిన రేకు డబ్బాలు దొరికాయి. మా కల్యాణం అక్కడితో ఆగిపోయింది.

డబ్బాల్లో ఉన్నది మూకీ సినిమా. గొంగళి దొర కథ.

గొంగళి దొర చరిత్రలో నిజంగా ఉన్న మనిషేనంటారు. మా ఊరి పక్కన ఇప్పుడు గేదెలు మేసే మట్టిదిబ్బ ఒకప్పుడు కోట. కుంఫిణీ సిపాయిలు దాన్ని చుట్టుముట్టి కూర్చున్నప్పుడు, ఒక తెల్లవారుజామున లోపలి నుంచి ఎవరో తలుపు తీశారు. తీసినవాడు నెత్తి మీది నుంచి గొంగళి కప్పుకుని ఉన్నాడు. అంతకు మించి ఏమీ తెలియదు. అమ్ముడుపోయినవాడో, లోపల ఆకలికి మాడుతున్న జనాన్ని చూడలేకపోయినవాడో, గాలి కోసం తలుపు తీసిన పిచ్చివాడో ఎవరూ తేల్చలేదు. తేలిస్తే పుస్తకాలు రాసేవాళ్ళకు పని ఉండదు.

సినిమాలో సగం రీళ్ళు పోయాయి. మిగిలిన వాటిలో చివరిది అసలు సంగతి. గొంగళి దొర కోట తలుపు దగ్గరికి వస్తాడు, అడ్డగడియ ఎత్తుతాడు, ఆగి మన వైపు తిరుగుతాడు. గొంగళి లోంచి నోరు మాత్రం కనబడుతుంది. పెదవులు కదులుతాయి. మూకీల్లో పెదవులు కదిలాక మాటలు రాసిన అట్ట తెర మీద పడాలి. ఆ అట్ట ఉన్న ముక్కను ఎలుకలు తినేశాయి.

ఎలుకలు తినకపోతే ఇంత కథ లేదు. ఆయన ఏమన్నాడో తెలియదు గనక ఆయన మహానుభావుడయ్యాడు. ఎక్కడెక్కడి వాళ్ళో కార్లలో వచ్చారు. ఇంగ్లీషు సినిమాలు ఫోన్లలో ముక్కలు ముక్కలుగా చూసే పిల్లలు కూడా ఆ మసక పెదవుల కోసం వరస కట్టారు. ఆయన "స్వేచ్ఛ" అన్నాడని ఒక పండితుడు, "క్షమించు" అన్నాడని ఇంకొకాయన, అసలేమీ అనలేదు, ఆవులించాడని మూడో ఆయన. ఆవులింత ఆయనకు డాక్టరేటు వచ్చింది.

ప్రభుత్వం వెంటనే అపురూప మూకీ చిత్ర పరిరక్షణ సంస్థ అని ఒకటి పెట్టి, దానికి డైరెక్టరుగా డాక్టర్ పరాంకుశం గారిని పంపింది. సన్నగా, పొడుగ్గా, కోప్పడినా గొంతు లేవని మనిషి. టాకీసు ముందు సభ పెట్టి ఊరికి సంగతి చెప్పారు.

"మూకీ చిత్రానికి నిశ్శబ్దమే సంభాషణ, నిశ్శబ్దమే సంగీతం. చిత్రాన్ని పరిరక్షించడం అంటే రీళ్ళను మాత్రమే పరిరక్షించడం కాదు, అందులోని నిశ్శబ్దాన్ని పరిరక్షించడం. ఇందుకు పౌరుల సహకారం అభిలషణీయం."

మేము చప్పట్లు కొట్టాం. ఊళ్ళో చట్టబద్ధంగా మోగిన చివరి చప్పట్లు అవే.

మర్నాటి నుంచి టాకీసు చుట్టూ నిశ్శబ్ద మండలం ప్రకటించారు. మొదట మైకులు ఆపారు. అందరూ మెచ్చుకున్నారు, నేను కూడా. తర్వాత హారన్లు. తర్వాత చర్చి గంట నాలుకకు గోనెపట్టా చుట్టారు. గేదెల మెడల్లో గంటలు విప్పించారు. చేపల బజారులో వేళ్ళు చూపించి బేరాలు చెయ్యాలన్నారు. కొన్నాళ్ళకు ఆ వేళ్ళతోనే తిట్టుకోవడం కూడా వచ్చేసింది, ఇప్పుడు పిల్లల్ని ఆ వైపు తీసుకుపోవడం లేదు. హాలు ముందు వేయించిన వేరుశనక్కాయలు నిషేధించి, ఉడకబెట్టినవి మాత్రం అమ్మమన్నారు. దగ్గు లేదని డాక్టరు రాసిచ్చినవాళ్ళకే టికెట్టు. హాలు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న "టాకీసు" అన్న మాటకు మాట్లాడే సినిమాలని అర్థం వస్తుంది గనక, అది సంస్థ ఆశయానికి విరుద్ధమని సున్నం కొట్టించారు.

అసలు రీళ్ళను చల్లగా ఉంచడానికి ఏసీ గది కట్టారు. ఏసీ బుర్రుమంటోందని ఫిర్యాదు వచ్చింది. ఫిర్యాదు చేసింది సంస్థే, విచారించిందీ సంస్థే. ఏసీ ఆపేశారు. మా ఊరి రోహిణి కార్తె ఎండకు రీళ్ళు మెత్తబడి, ఒకదానికొకటి అతుక్కుని, బెల్లం అచ్చుల్లా తయారయ్యాయి. అదృష్టవశాత్తు అంతకు ముందే ఒక నకలు తీసి ఉంది. అసలు నాశనం కావడంతో చిత్రం అపురూపత గణనీయంగా పెరిగిందని పరాంకుశం గారు పత్రికల వాళ్ళకు చెప్పారు.

ఇవన్నీ అమలు చెయ్యడానికి నిశ్శబ్ద పర్యవేక్షణాధికారి అని ఒక పోస్టు పుట్టింది. శబ్దం గురించి అనుభవం ఉన్నవాడు కావాలన్నారు. మా ఊరి మైకుసెట్ల నరసింగరావుకి ఇచ్చారు. ఇరవై ఏళ్ళు ఊరి చెవులకు చిల్లులు పొడిచిన మనిషి, రబ్బరు చెప్పులు వేసుకుని, ఈల వేస్తే శబ్దం గనక చేతిలో ఎర్రజెండా పట్టుకుని తిరిగేవాడు. ఎవడైనా తుమ్మబోతున్నట్టు కనబడితే ముందే జెండా చూపేవాడు. కొందరి తుమ్ములు నిజంగానే వెనక్కిపోయేవి.

ఇక మా సంగతి. నిశ్శబ్ద మండలం నట్టనడుమ బ్రాస్ బ్యాండు షెడ్డు. షెడ్డుకు తాళం వేశారు. ఊళ్ళో పెళ్ళిళ్ళు మూగగా జరిగిపోతున్నాయి. నేను పక్క ఊళ్ళకు డ్రమ్ము మోసుకుపోయి ఎలాగో నెట్టుకొచ్చేవాణ్ణి. బెంగ అది కాదు. ఏసోబు మామ మంచాన పడ్డాడు.

ఏసోబు మామ మా అమ్మ తమ్ముడు, నాకు డ్రమ్ము నేర్పినవాడు. అతని నాన్న ఆ వెంకటవిలాస్‌లోనే తెర కింద కూర్చుని మూకీలకు క్లారినెట్టు వాయించేవాడు. మూకీలు ఆడిన రోజుల్లో హాలంత గోల ఊళ్ళో ఇంకెక్కడా ఉండేది కాదట. బ్యాండు ఒక పక్క, తెర పక్కన కర్ర పట్టుకుని కథ చెప్పేవాడు ఒక పక్క. గొంగళి దొర తలుపు తీసేటప్పుడు వాయించడానికి మామ నాన్న ఒక పాట కట్టాడు. సినిమాలు పోయాక ఆ పాట చావులకు వచ్చేసింది. తలుపు పాట అంటాం. ఏ కులమైనా, ఏ మతమైనా మా ఊరి మనిషి ఆఖరిసారి ఇల్లు దాటేటప్పుడు తలుపు పాటే. ఇంకొక ఆనవాయితీ కూడా ఉంది. బ్యాండు వాడు పోతే చుట్టుపక్కల ఊళ్ళ బ్యాండ్లన్నీ పిలవకుండానే వచ్చి, కోట్లు తొడుక్కుని, సమాధుల దొడ్డి దాకా వాయిస్తాయి. ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. బతికినంత కాలం మర్యాద అంటే ఏమిటో తెలియని మాకు ఉన్న ఒక్క మర్యాద అది.

మంచంలో పడుకుని మామ నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఒరే రూబేనూ, ఊరందర్నీ నేనే పంపిచ్చా. నన్ను మాత్తరం తలుపు పాట లేకుండా మోసకపోబాకండిరా. దొంగతనంగా తీసకపోతన్నట్టుంటది."

మామ ఇల్లు టాకీసు వెనక వీధి. ఇంటికి ఒక పక్క కాలవ. సమాధుల దొడ్డికి ఉన్నది ఒకటే దారి, అది టాకీసు ముందు నుంచే. నేను అలాగే మామా అన్నాను. మాట ఇవ్వడం మా ఇంట్లో అందరికీ తేలికే.

మామ నన్ను నవ్వించడానికి కూడా చూశాడు. ఆ దొర ఏమంటాడో తేల్చడానికి ఇంతమంది చదువుకున్నోళ్ళు కొట్టుకుంటున్నారు, మీ నాన్న నీకు ఎప్పుడూ చెప్పలేదా అని అడిగాను.

"ఎందుకు చెప్పలా? కర్ర పట్టుకున్నోడు రోజుకోటి చెప్పేవాడంట. సంత రోజున దొర షావుకార్లను తిట్టేవాడు. పండగ రోజున దేవుణ్ణి తలుచుకునేవాడు. జనం మరీ గోల చేస్తంటే, కూచోండిరా ఎదవల్లారా అనేవాడంట గొంగళి దొర."

నేను పరాంకుశం గారి ఆఫీసుకు వెళ్ళాను. బయట చెప్పులు విడిచి, లోపల దూది చెప్పులు వేసుకుని నిలబడ్డాను. మా మామ సంగతి, ఆనవాయితీ, తలుపు పాట మొత్తం గుసగుసగా చెప్పాను. గుసగుసగా బతిమాలడం ఎంత కష్టమో చేసి చూస్తే గాని తెలియదు. మూకీల రోజుల్లో ఈ హాల్లో మా వాళ్ళు వాయించేవాళ్ళు అన్న మాట దగ్గర ఆయన కలం ఆగింది.

"అంటే వాద్యబృందం ఆనాటి ప్రదర్శనలో అంతర్భాగమా?"

అవునండి అన్నాను, ఆశగా.

ఆయన నెల రోజులు కమిటీ వేసి ఆలోచించారు. బ్యాండు లేకపోతే ప్రామాణికత లోపిస్తుంది. బ్యాండు మోగితే నిశ్శబ్దం లోపిస్తుంది. రెంటికీ భంగం రాకుండా ఉత్తర్వు వచ్చింది. సీయోను బ్రాస్ బ్యాండు ఇకపై ప్రతి ప్రదర్శనలోనూ పూర్తి యూనిఫారంతో తెర కింద కూర్చుని, ఎటువంటి ధ్వనీ వెలువడకుండా వాయించవలెను.

వాయించాం. బాకాల్లో గుడ్డలు కుక్కి బుగ్గలు పొంగించాం. నా డ్రమ్ము కర్ర తోలు దాకా వచ్చి ఆగేది. మొదట్లో చెయ్యి వినేది కాదు, రెండు వారాల్లో నేర్చుకుంది. వచ్చిన పెద్దమనుషులు కళ్ళు మూసుకుని తలలాడించేవాళ్ళు. ఒకాయన ఆట అయ్యాక దగ్గరికి వచ్చి ఇవాళ డ్రమ్ము కొంచెం ఎక్కువైందన్నాడు. నేను తగ్గిస్తానన్నాను. మా వాళ్ళకు ఇది అలవాటైపోయింది. ఊపిరి ఖర్చు లేదు, ప్రభుత్వం భత్యం, షెడ్డు తాళం కూడా తీసిచ్చారు. ఒకడి బాకాలో కందిరీగలు గూడు పెట్టుకున్నాయి, వాడు వాటిని కదిలించకుండా వాయించేవాడు.

మామకు చెబితే నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. కిటికీ దగ్గర ఎర్రజెండా కనబడింది.

చావు ఊరేగింపు సంగతి మాత్రం అక్కడే ఉండిపోయింది. మళ్ళీ వెళితే పరాంకుశం గారు నిబంధన చూపించారు. మండలంలో శబ్దానికి మినహాయింపు కావాలంటే సంబంధిత వ్యక్తి తేదీ, సమయం తెలియజేస్తూ ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. సంబంధిత వ్యక్తి అంటే చచ్చిపోయేవాడు. తేదీ ఎలా తెలుస్తుందండి అన్నాను.

"మీరు నిరాశపడవద్దు. అంతిమయాత్రను కూడా మౌనవాద్యంతో నిర్వహించుకోవచ్చు. మీ బృందానికి శిక్షణ ఉంది కదా. చిత్ర స్ఫూర్తికి అది మరింత సన్నిహితం."

ఆయన వెటకారం చెయ్యడం లేదు. అందుకే భయం వేసింది.

గొంగళి దొరను జాతికి అంకితం చెయ్యడానికి మంత్రి గారు వచ్చే రోజు పెట్టారు. శుక్రవారం, సాయంత్రం ఆట. ఆ రోజు తెల్లవారగానే ఏసోబు మామ పోయాడు. మామ భార్య సారమ్మ అత్త ఏడుస్తూ నోటికి చీర చెంగు అడ్డం పెట్టుకుంది. దుఃఖానికి కాదు, మండలానికి.

కబురు ఎలా పాకిందో గాని మధ్యాహ్నానికి బ్యాండ్లు దిగాయి. ఆటోల మీద, బస్సుల మీద, సైకిళ్ళ మీద. ఎర్ర కోట్లు, నీలం కోట్లు, ఒక ఊరి వాళ్ళకు కోట్లు లేక జేగురు రంగు చొక్కాలు. మామ ఇంటి ముందు వీధంతా ఇత్తడి మెరుస్తోంది, చప్పుడు లేదు. అందరూ నా మొహం చూస్తున్నారు. నాకు తెర కింద డ్యూటీ ఉంది. పోకపోతే షెడ్డూ పోతుంది, భత్యమూ పోతుంది. మా బ్యాండులో నలుగురు అప్పుడే సందు చివర నుంచి హాలు వైపు జారుకున్నారు, వాళ్ళను తప్పుపట్టను. నేనూ ఒకసారి అటు చూశాను.

పాడె లేచింది. వీధి మలుపులో నరసింగరావు ఎర్రజెండా పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు. లోపల మంత్రి ఉన్నాడు, నా ఉద్యోగం పోతుంది, చేతులెత్తి దండం పెడతా, మూగగా పొండి అని సైగలు చేశాడు. ఆడవాళ్ళు పాడె వెంట రాకూడదని మా పాస్టరు గారు చెబుతూనే ఉన్నారు, సారమ్మ అత్త అందరినీ తోసుకుని ముందుకు వచ్చింది.

"నరసింగా, మీ నాయన పోయినప్పుడు ఎవురు వాయిచ్చార్రా?"

నరసింగరావు జెండా కొంచెం దించాడు.

"వానలో. మోకాటి లోతు నీళ్ళలో. జొరం ఉందయ్యా వద్దంటే వింటేగా ఈయన. చెప్పు, ఎవురు వాయిచ్చారు?"

"మావయ్యే గదమ్మా." చాలా రోజుల తర్వాత అతని గొంతు విన్నాం. జెండాను కర్రకు చుట్టేసి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

మామ క్లారినెట్టు పక్క ఊరి మస్తాను తీసుకున్నాడు. నేను కర్ర ఎత్తాను. అలవాటు చొప్పున చెయ్యి తోలు దాకా పోయి ఆగిపోయింది. నాకు సిగ్గేసింది. రెండోసారి కొట్టాను.

ఇక అన్ని ఊళ్ళ ఇత్తడి ఒక్కసారి లేచింది. నెలల తరబడి కుక్కి పెట్టిన ఊపిరి అది. కాలవ గట్టు మీద కొంగలు లేచాయి. చేపల బజారు ఆడవాళ్ళు వేళ్ళు దించి నోళ్ళు తెరిచి ఏడ్చారు. పాడె టాకీసు ముందుకు వచ్చేసరికి లోపల తెర మీద గొంగళి దొర గడియ ఎత్తుతున్నాడట. మేము కావాలని కలిపామని తర్వాత పత్రికల్లో రాశారు. శవాన్ని టైముకు నడిపే తెలివే ఉంటే మేము బ్యాండులో ఎందుకుంటాం. అది తలుపు తీసే పాట, ఆయన తలుపు తీస్తున్నాడు. అంతే.

లోపల అప్పటిదాకా జనం కళ్ళు తెరిచి నిద్రపోతున్నారట. పాట గోడల్లోంచి రాగానే లేచి నిలబడ్డారట. మంత్రి గారు కళ్ళు తుడుచుకున్నారు. తెర మీద పెదవులు ఏమన్నాయో ఎవరూ అడగలేదట ఆ పూట.

పరాంకుశం గారు పరుగున బయటికి వచ్చారు, మంత్రికి కప్పాల్సిన శాలువా చేతిలోనే ఉంది. నన్ను పోలీసులకు పట్టిస్తారనుకున్నాను. ఆయన కళ్ళు వెలిగిపోతున్నాయి.

"అద్భుతం. ఈ బృందానికి నాయకుడెవరు?"

పాడె వైపు చూపించాను.

"వారు వచ్చే శుక్రవారం అందుబాటులో ఉంటారా?"

"ఉండరండి, ఎల్లిపోతున్నారు," అంది సారమ్మ అత్త.

మామను తలుపు పాటతోనే దించాం. ఆ ఒక్క మాట నిలబెట్టుకున్నాను. కథ అక్కడ ఆపేస్తే బాగుండేది. సంస్థ ఆపలేదు.

పదిహేను రోజుల్లో కొత్త ఉత్తర్వు వచ్చింది. గొంగళి దొర చిత్రం సంపూర్ణ రసానుభూతికి అంతిమయాత్ర ఆవశ్యకమని కమిటీ తేల్చింది. ఇకపై ప్రతి శుక్రవారం సాయంత్రం ఆటకు, చివరి రీలు సమయానికి, హాలు ముందు నుంచి ఒక శవయాత్ర పూర్తి వాద్యాలతో సాగవలెను. మిగతా ఆరు రోజులూ మండలంలో నిశ్శబ్దం యథాతథం. అంటే శుక్రవారం పోయినవాడికి ప్రభుత్వ లాంఛనాలతో తలుపు పాట. శనివారం పోతే మూగగా మోసుకుపోవాలి, లేదా సంస్థ వారి ఐసుపెట్టెలో శుక్రవారం దాకా వేచి ఉండాలి. ఐసుపెట్టెకు మోటారు చప్పుడు వస్తోందని ఇప్పటికే ఒక ఫిర్యాదు నడుస్తోంది.

నరసింగరావు ఉద్యోగం పోలేదు. శవయాత్రా సమన్వయాధికారి అయ్యాడు. ఉదయాన్నే జబ్బు మనుషులున్న ఇళ్ళకు వెళ్ళి మంచం పక్కన కూర్చుని, ఎలా ఉందమ్మా, ఈ వారమేనా, అని కనుక్కుంటాడు. మా ఊరి రోగుల్ని ఇంత శ్రద్ధగా పలకరించిన ప్రభుత్వోద్యోగి ఇంతకు ముందు లేడు. ఎవరూ పోని వారాల కోసం ఔట్‌సోర్సింగు మీద ఒకణ్ణి తీసుకున్నారు. పాడె మీద పడుకుని కదలకుండా ఉండాలి. మా బ్యాండులో కందిరీగల బాకా వాడే ఆ పనికి ఎంపికయ్యాడు, కదలకుండా ఉండడంలో అనుభవం చూసి. వాణ్ణి మోస్తూ మేము మామ పాట వాయిస్తాం. పెద్దమనుషులు కళ్ళు తుడుచుకుంటారు. ఆట అయ్యాక వాడు లేచి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తింటాడు.

మొన్న సారమ్మ అత్తను చూడడానికి వెళ్ళాను. మామ పోయిన దగ్గర్నుంచి ఆమె తిండి మానేసింది. మంచానికి అతుక్కుపోయింది. గంజి తెస్తే చేత్తో నెట్టేస్తోందని పక్కింటి వాళ్ళు చెప్పారు. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

"ఇయ్యాల ఏ వారంరా?" అంది.

బుధవారం అత్తా అన్నాను.

ఆమె పైకప్పు చూస్తూ వేళ్ళు ముడిచింది, విప్పింది. తర్వాత తల తిప్పి స్టూలు మీద చల్లారిపోతున్న గిన్నె వైపు చూసింది.

"ఆ గంజి ఇట్టా ఇయ్యి. రెండ్రోజులు ఉండాలిగా."